కోనేటి పాచి – పూర్వుల జలరక్షణ



నేటి ప్రసంగమునకు కోనేటి పాచిని విషయముగా గ్రహించితిని. పురాణకథ విందమని వచ్చినవారికి ఇది చిన్నవిషయముగా తోపవచ్చును. కాని ప్రతి వేసవియందును ఈ ప్రశ్న వచ్చుచునే యున్నది. చైత్రమాసమునకే కోనేటి నీరు పసరు కలిపినట్లు పచ్చబడును. వైశాఖము వచ్చుసరికి మెట్లపై కాలు నిలువదు. తెల్లవారుజామున స్నానమునకు వచ్చినవారు చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి మూయుచుండుట చూతురు. పాపము, ఆకలిగొన్నవని తలచి చేతిలోని మరమరాల పొట్లము విప్పి చల్లుదురు. ఆ చేపలు అడుగుచున్నది ఆహారము కాదు, ఊపిరి. ఆ సంగతి తెలియక చేసిన దానము ఆ జీవులకే ముప్పు తెచ్చుచున్నది. కావున మన పూర్వులు జలాశయములను ఎట్లు కాపాడిరో, ఆ పద్ధతి ఎచ్చట తెగిపోయినదో కొంత విస్తరించి చెప్పవలెనని తలచితిని.

ముందుగా పేరును గూర్చి. అమరకోశము వారివర్గమున జలనీలి, శైవాలము, శైవలము అను పేర్లు దీనికి చెప్పబడినవి. తెలుగున పాచి అనియు నాచు అనియు రెండు మాటలు కలవు. రాతికి పట్టి కాలు జార్చునది పాచి. నీటిలో వెండ్రుకలవలె సాగి, కఱ్ఱతో లాగినచో చుట్టుకొని వచ్చునది నాచు. ఇవి గాక మూడవది యొకటి కలదు. అది చేతికి చిక్కదు. దోసిట నీరు తీసికొన్నను రంగే గాని వస్తువు కనబడదు. కంటికి కానరాని సూక్ష్మశైవాలములు కోట్లకొలది నీటియంతట వ్యాపించియుండుటచే వచ్చిన పచ్చదనమది. మూడింటికిని ముఖ్యముగా కావలసినవి ఎండ, కదలని నీరు, ఎరువు. ఈ మూడవదైన ఎరువు సంగతియే నేటి ప్రసంగమునకు ప్రాణము. దానికి క్రమముగా వత్తును.

శైవాలమును మన కవులు ద్వేషింపలేదు. శాకుంతలము ప్రథమాంకమున నారచీర కట్టిన శకుంతలను చూచిన దుష్యంతుని నోట, శైవాలము అల్లుకొన్నను తామరపూవు రమ్యముగనే యుండునను భావమును కాళిదాసు పలికించెను. వైద్యులు ఇంకను నిశితముగా చూచిరి. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 45వ అధ్యాయము నీటితో ప్రారంభమగును. బురదచేతను, శైవాలముచేతను, గడ్డిచేతను, తామరాకులచేతను కప్పబడి, సూర్యచంద్రుల కిరణములును గాలియు సోకని నీరు చెడిన నీరని అచ్చట చెప్పబడినది. ఇది అందరును ఒప్పుకొను మాటయే. కాని అదే అధ్యాయమున కొంచెము ముందునకు పోయినచో, కలక నీటిని తేర్చు ఏడు సాధనములు లెక్కింపబడినవి. చిల్లగింజ, గోమేదకము, తామరతూటి కణుపు, వస్త్రము, ముత్యము, మణి, వీని నడుమ శైవాలమూలము కూడ ఉన్నది! ఏది నీటిని చెఱచునని చెప్పెనో దానినే నీటిని తేర్చు వస్తువులలో చేర్చెను. ఇది పొరపాటు కాదు. నీటిని పూర్తిగా కప్పివేసిన శైవాలము దోషము. తన మేరలో నున్న శైవాలము శోధకము. ఇంతకన్న సూక్ష్మమైన దృష్టి మరి యేమి కావలయును?

నేటి జలశాస్త్రజ్ఞులును ఈ మాటనే మరియొక విధముగ చెప్పుచున్నారు. శైవాలము మొక్కవంటిది. పగలు ఎండ తగిలినప్పుడు నీటిలోనికి ప్రాణవాయువును విడుచును. నీటిలోని మాలిన్యమును ఆహారముగా గ్రహించును. రాత్రి ఎండ లేనందున తానును చేపలవలెనే ప్రాణవాయువును పీల్చును. కొలదిగా నున్నప్పుడు పగటి ఆదాయము రాత్రి వ్యయమునకు సరిపోవును. నీరంతయు పచ్చబడినప్పుడు రాత్రి వ్యయము మితిమీరి, తెల్లవారుజామునకు నీటిలో కరగియున్న ప్రాణవాయువు అడుగంటును. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుటకు కారణమిదియే. పగలంతయు మబ్బు పట్టి గాలి లేకున్నచో ఆ మరునాటి ఉదయము మఱింత ప్రమాదము. సూర్యోదయమైన కొంతసేపటికి చేపలు మరల అడుగునకు పోవుట చూచి, మరమరాలు తిని తృప్తిపడినవని భక్తులు సంతసింతురు. వానిని రక్షించినవాడు సూర్యభగవానుడు.

ఇక వరాహమిహిరుని మాట. 6వ శతాబ్దికి చెందిన ఆ మహనీయుని బృహత్సంహితలో దకార్గళాధ్యాయము కలదు. భూమిలో నీరెచ్చట పడునో తెలిసికొను శాస్త్రమది. ఆ అధ్యాయము చివరిభాగమున, నీరు కలకబారినను, చేదైనను, ఉప్పనైనను, దుర్గంధము కలదైనను బాగుపడుటకు ఒక యోగము చెప్పబడినది. అంజనము, తుంగముస్తలు, వట్టివేరు, రాజకోశాతకము, ఉసిరిక, వీనికి చిల్లగింజ చేర్చి వేయవలెనని. నేడు మన ప్రాచీన జలవిజ్ఞానమును గూర్చి ప్రసంగించువారందరును ఈ యోగమునే చెప్పుదురు. కోనేరు పచ్చబడగానే ఈ చూర్ణము కొట్టించి పోయింపుడని సలహా ఇచ్చువారును కలరు. అయ్యా, ఆచార్యుడు అచ్చట చెప్పినది బావిని గూర్చి. వేలకొలది చేపలున్న కోనేటిని గూర్చి కాదు. చిల్లగింజ చేయు పని యేమి? నీటిలో తేలియాడు మట్టి రేణువులను ఒకదానితో నొకటి అంటించి బరువెక్కించి అడుగునకు దించును. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు మన పెద్దలు కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీరు పోసి తేర్చుకొనెడివారు. మట్టికి అది దివ్యౌషధమే. కాని నీటిలో ఉప్పువలె కరగియున్న ఎరువును అది తీయలేదు. ఎరువు ఉన్నంతకాలము పాచి మరల పుట్టుచునే యుండును.

అట్లయిన వరాహమిహిరుడు జలాశయమునకు ఏమియు చెప్పలేదా? చెప్పెను. ఆ యోగమునకు ముందటి శ్లోకములను ఎవరును చదువరు! మొదట గట్టును గూర్చి చెప్పెను. తూర్పు పడమరలుగా సాగిన జలాశయము నీటిని చిరకాలము నిలుపుననియు, ఉత్తర దక్షిణములుగా సాగినది గాలికి లేచిన అలల తాకిడికి చెడుననియు. తరువాత గట్టుమీది చెట్లు చెప్పెను; మద్ది, మఱ్ఱి, మామిడి, జువ్వి, కడిమి, నేరేడు మొదలగునవి. గట్టు పట్టు విడువకుండుటకును నీడకును అవి పనికివచ్చును. ఆ తరువాత, చూర్ణయోగమునకు సరిగా ముందు, నైర్వాహిక ద్వారమును చెప్పెను. అనగా నీరు బయటకు పోవు తూము. జలాశయమునకు ఒక ప్రక్క రాళ్లతో కట్టిన నీటిదారి, దానికి సందు లేని తలుపు ఉండవలెనని. గట్టు, చెట్లు, తూము, ఆ పిదపనే మందు. ఈ క్రమమును విడిచి మందును మాత్రము పట్టుకొనుట మన కాలపు లక్షణము.

లోనికి వచ్చినది బయటకు పోవు దారి ఉండవలెనను ఈ యొక్క నియమమును మన చరిత్రలో శాసనములు సాక్ష్యమిచ్చుచున్నవి. తమిళదేశమున కాంచీపురము జిల్లాలోని ఉత్తరమేరూరు శాసనములను మీరు వినియుందురు. చోళరాజైన మొదటి పరాంతకుని కాలమున, 919లోను 921లోను, ఆ అగ్రహార సభవారు తమ వారియములను, అనగా సంఘములను, ఏర్పరచుకొను పద్ధతిని గోడలపై చెక్కించిరి. తాటాకు చీట్లపై పేర్లు వ్రాసి కుండలో వేసి, చిన్న బాలునిచేత తీయించి ఎన్నుకొనెడివారు. సంవత్సర వారియమునకు 12 మంది, తోట వారియమునకు 12 మంది, చెరువు వారియమునకు ఆరుగురు. అంతకుముందు పదవిలో నుండి లెక్కలు ఒప్పచెప్పనివాని పేరు కుండలోనికే రాకూడదు. (ఈ నియమము ఒక్కటి నేడు అమలైనచో ఎన్ని కోనేళ్లు బాగుపడునో!) ఈ శాసనమును ఎన్నికల చరిత్రగా అందరును కొనియాడుచున్నారు, అది సరియే. నాకు ఆశ్చర్యము కలిగించినది వేరొకటి. చెరువును, తోటను చూచుకొనువారిని ఒకేచోట, ఒకే పద్ధతిలో ఎన్నుకొనిరి. ఆ రెండు పనులలో అనుభవము గడించినవారిని సంవత్సర వారియమునకు తీసికొనవలెనని విధించిరి. నీటిని, నీరు పోవుచోటును ఎరిగినవాడే ఊరిని నడుపుటకు అర్హుడని వారి తలపు కావచ్చును.

మన తెలుగునాట కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరియొక పేరు, అచ్చట గొప్ప చెరువు కట్టించి, చెరువునకు కావలసిన 12 అంగములను, కూడని ఆరు దోషములను సంస్కృతమున చెక్కించెను. దినమునకు వేయిమంది కూలివారు, నూరు బండ్లు, రెండేండ్లు పని. గట్టు ఊట కారుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట, చెరువు నడుమ మెరక, పొలము ఎక్కువై నీరు తక్కువగుట, నీరు ఎక్కువై పొలము తక్కువగుట, ఇవి ఆ ఆరు దోషములు. పాచి మాట అందులో లేదు. ఏల లేదు? సాగుచెరువులో నీరు నిలువదు. వానకు వచ్చును, తూము ద్వారా పొలమునకు పోవును, నీటితో పాటు ఎరువును పొలమునకు చేరును. ఎండిన వేసవిలో రైతులు పూడికమట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొందురు. చెరువునకు ఏది మలినమో చేనికి అది బలము. ఇక పాచి దోషమగుట కెడమెక్కడ?

దేవాలయపు కోనేరు ఇట్టిది కాదు. అది నిలిచియుండుటకే త్రవ్వినది. కనుకనే దానికి వేరు ఏర్పాట్లు కావలసివచ్చెను. ఉత్సవములకు ముందు కోనేటిని శుభ్రపరచుట అట్టి ఏర్పాటు. తిరుమలలో బ్రహ్మోత్సవములకు పూర్వము స్వామిపుష్కరిణిని మూసి, పాతనీరు తీసి, మెట్లు కడిగి, మరల నింపుట ఇటీవలి సంవత్సరములలోను జరుగుచున్నది. సాధారణముగా ఆగస్టు మాసమున జరుగు ఆ పనినాళ్లలో పుష్కరిణి హారతి ఉండదు. కాంచీపురమున వరదరాజస్వామి సన్నిధిలోని అనంతసరస్సు సంగతి మరింత విచిత్రము. అందు జలగర్భమున శయనించియుండు అత్తివరదస్వామిని 40 ఏండ్లకొకసారి వెలికి తెచ్చి దర్శనమిప్పింతురు. 1939లోను, 1979లోను, చివరగా 2019 జులై 1 మొదలు ఆగస్టు 17 వరకు 48 దినములును అట్లు జరిగినది. స్వామిని వెలికి తీయుటకు నీరు తోడక తప్పదు. నీరు తోడినచో అడుగు కనబడక తప్పదు. ఇది జలశుద్ధికై ఏర్పడిన ఆచారమని నేను చెప్పుట లేదు. స్వామి లీలకు మనము కారణములు అంటగట్టరాదు. కాని తరమున కొక్కసారియైనను సరస్సు అడుగు సూర్యుని చూచుచున్నదనుట ప్రత్యక్షము.

ఏటేట చేయు శుద్ధి ఒకటి, నిత్యము జరుగు శుద్ధి మరియొకటి. రెండవదానిని గూర్చి పుస్తకములలో కన్న నా బాల్యమున ఎక్కువ తెలిసికొంటిని. మేము వేదపాఠశాలలో చదువుకొనునాడు సంథ చెప్పుకొనుటకు ముందు విద్యార్థులము కావళ్లతో కోనేటి నీరు మోసి నందనవనమునకు పోయవలెను. ఒక్కొక్కనికి ఇన్ని పాదులని లెక్క. బావి దగ్గరగనే ఉన్నను ఆ నీరు పోయనిచ్చెడివారు కారు. మల్లెలకు కోనేటినీరే బలమని తోటమాలి చెప్పెడివాడు. ఆ పూలు స్వామికి పోవును. మరునాడు తీసిన నిర్మాల్యము తోటలో ఒక గుంటలో పడును. కుళ్లి మన్నై మరల పాదులకు చేరును. ఆ కోనేరు వేసవిలో పచ్చబడలేదని చెప్పను, పచ్చబడెడిది. కాని చేపలు చచ్చి తేలుట నేను చూడలేదు. ప్రతిదినమును కొన్ని పదుల కావళ్ల నీరు బయటకు పోవుచు, వానాకాలమున కాలువగుండ క్రొత్తనీరు వచ్చుచుండెను. మా భుజములపై పోయినది నీరు మాత్రమే కాదు, ఆ నీటిలో కరగిన ఎరువు కూడ. అదియే వరాహమిహిరుని నైర్వాహిక ద్వారము.

తరువాత నా కళ్లయెదుటనే ఆ దారులు మూసికొనిపోయినవి. ఇది ఏ యొక్క ఊరి సంగతియు కాదు. వాననీరు వచ్చు కాలువలపై ఇండ్లు లేచినవి. తోటకు బోరు వేసి గొట్టము పెట్టిరి, కనుక కోనేటి నీరు ముట్టువాడు లేడు. అడుగున సిమెంటు పోసిరి, కనుక ఇంకుటయు లేదు. చుట్టు ఇనుపకంచె కట్టి, దానికి చిన్న కిటికీ పెట్టి, ప్రక్కన మరమరాల అంగడి పెట్టిరి. లోనికి పోవు దారి మాత్రము మిగిలినది.

ఆ మరమరాలలో ఏమున్నదని అడుగుదురేమో. ధాన్యపు గింజ యేదియైనను భాస్వరము లేనిది లేదు; నత్రజనియు కలదు. మడిలో రైతు చల్లు ఎరువులోనివియు ఇవియే. వీనిలో మంచినీటి పాచికి పగ్గము వదలునది ప్రధానముగా భాస్వరమని నిరూపించిన పరీక్షను ఒకదానిని చెప్పెదను. కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రములో, పరిశోధనకే విడిచిన సరస్సులు కొన్ని కలవు. వానికి పేర్లకు బదులు అంకెలు. 1973లో షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 226వ సరస్సును నడిమికి ఒక గట్టి తెర వేసి రెండుగా విభజించిరి. రెండు భాగములలోను కర్బనము, నత్రజని వేసిరి. ఒక భాగమున మాత్రము వానితోపాటు భాస్వరము వేసిరి. భాస్వరము పడిన సగము పచ్చని పసరైనది. రెండవ సగము నిర్మలముగ నిలిచినది. ఆకాశమునుండి తీసిన ఆ ఛాయాచిత్రమును చూచినవారికి ఇక వాదము అక్కరలేదు. ఒకే సరస్సు, ఒకే ఎండ, ఒకే గాలి. భేదమల్ల ఒక్క పిడికెడు ఎరువులో నున్నది.

కనుక మనము చేపకు వేసినదంతయు కోనేటికి ఎరువగుచున్నది. తినక అడుగునకు దిగిన గింజ కుళ్లి ఎరువగును. తిన్న గింజలో చేప దేహమునకు పట్టినది పోగా మిగిలినది మలముగ నీటిలోనికే వచ్చును. మనము వేయునది ఇంకను కలదు. నిర్మాల్యము, పిండిదీపములు, మెట్లపై బట్టలు ఉతికిన సబ్బుపొడి, కొన్ని ఆలయములలో అభిషేకపు కాలువ. పాలు భాస్వరమునకు పుట్టినిల్లు. ఒక ఉద్ధరిణెడు పాలతో అభిషేకము జరిగిన నాటికిని, బిందెలకొలది పోయుచున్న నేటికిని కోనేటి దృష్టిలో చాల భేదమున్నది.

ఇచ్చట తైత్తిరీయారణ్యకము ప్రథమప్రశ్న జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఆరుణకేతుకాగ్ని వ్రతము పట్టినవానికి అచ్చట కొన్ని నియమములు విధింపబడినవి. నీటిలో మలమూత్ర విసర్జనము చేయరాదు, ఉమ్మివేయరాదు, దిగంబరముగా స్నానము చేయరాదు. తామరాకును త్రొక్కరాదు. తాబేటిని తినరాదు. అట్టివానిని జలములు హింసింపవని ఫలము. ఋషి పాచిని గూర్చి చెప్పెనని నేను అనను. శాస్త్రమున లేనిదానిని ఉన్నదనుట శాస్త్రమునకు సేవ కాదు. అయినను నీటిని ఎండనుండి కాపాడు ఆకును, నీటిలోని నాచును చచ్చినదానిని తిని శుభ్రపరచు ప్రాణిని నీటితో పాటు ఒకే అనువాకమున రక్షించుట నాకు మిక్కిలి అందముగ తోచును.

ఇక మందు సంగతి. పచ్చనీరు చూడగానే మైలుతుత్తము పోయింపుడని చెప్పువారు ప్రతి ఊరను కలరు. ఇది క్రొత్తది కాదు. 1904లో అమెరికా వ్యవసాయశాఖవారి పక్షమున మూర్, కెల్లర్‌మన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు తాగునీటి జలాశయములలోని శైవాలమును మైలుతుత్తముతో చంపవచ్చునని ప్రకటించిరి. అత్యల్పమాత్రతోనే పనిచేయును, నిజమే. కాని ఆ రాగి చేపకును విషమే. ఎంత మాత్రవరకు చేప ఓర్చునో అది నీటి కాఠిన్యమును బట్టి మారును. ఒక కోనేటికి సరిపోయిన కొలత మరియొక కోనేటిలో ప్రాణములు తీయును. అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. పాచి ఒక్కసారిగా చచ్చినచో ఆ కళేబరములు కుళ్లుటకు నీటిలోని ప్రాణవాయువునంతయు హరించును. చేప విషమున చావకున్నను ఊపిరాడక చచ్చును. పేరు అనవసరము గాని, ఒక ఆలయమున ఉత్సవము దగ్గరపడినదని ఇట్లే పోసిరి. రెండునాళ్లు నీరు తేటపడెను, అందరును సంతసించిరి. మూడవనాటి ఉదయము తెల్లని పొట్టలు పైకి త్రిప్పి మెట్లనిండ చేపలు. నెలలోపల కుళ్లిన పాచియు చేపలును ఎరువై కోనేరు మునుపటికన్న పచ్చబడెను. చంపినది బయటకు పోలేదు గదా!

దోమలకని గంబూసియా చేపలు విడుచుట మరియొక అలవాటు. 1928లో మన దేశమునకు ఆ చేపలు తేబడినవి. దోమపిల్లలను తినుట వాస్తవమే. కాని నీటిలో నలుసులవలె ఎగురుచు సూక్ష్మశైవాలమును మేయు చిన్నజీవులు కొన్ని కలవు. గంబూసియా వానిని కూడ తినివేయును. కాపరిని చంపి పచ్చికను కాపాడినట్లగును. అయితే ఇచ్చట ఆ పచ్చికయే మనకు వలదన్నది. కోనేట దేశవాళి చేపలు కొలదిగా ఉండుట మేలు. ఎన్ని చేపలు తక్కువైన అంత ఎరువు తక్కువ. తెచ్చి విడుచు మ్రొక్కులను కార్యకర్తలు సున్నితముగా వారింపవలెను.

అయితే భక్తులు చేపకు ఏమియు వేయరాదా అని అడుగుదురు. మత్స్యము స్వామి ప్రథమావతారము గదా అందురు. వేయవచ్చును. దినమున కొక్కసారి, ఎండ వచ్చిన తరువాత, ఒకేచోట, ఆలయము పక్షమున ఒకరి చేతిమీదుగ, కొన్ని నిమిషములలో చేపలు పూర్తిగ తినివేయునంత మాత్రము. మిగిలిన మరమరాలు స్వామికి నివేదించి పిల్లలకు పంచుడు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరచినప్పుడు గింజ వేయరాదు; మోటారుతో నీటిని పైకి చిమ్మి జల్లుగా పడునట్లు చేయవలెను. పడిన నీటితో గాలి లోనికి పోవును. ఇట్టి జల్లు రాత్రివేళ నడచుట పగటికన్న ముఖ్యము, చూడముచ్చటకై సాయంకాలము నడిపి రాత్రి ఆపుట వ్యర్థము. కోనేటి నీటిని మరల తోటకు పెట్టవలెను. కావళ్లు నేడు కుదరవు, చిన్న మోటారు చాలును. తీసినంత క్రొత్తనీరు చేర్చవలెను. నాచును కఱ్ఱకు చుట్టి తీసినప్పుడు గట్టునే విడువక తోటకు మోయవలెను, గట్టున కుళ్లినచో వానకు మరల నీటిలోనికే జారును. తామరలు తొట్లలో నాటి నీటిలో దింపినచో కోనేరంతయు ఆక్రమింపవు. సగము నీటికి నీడ, సగమునకు వెలుతురు. పూర్తిగా కప్పినచో సుశ్రుతుడు చెప్పిన చెడుగు దాపురించును.

ఇంటి పెరటిలో చిన్న కుంట కట్టి రంగుచేపలు పెంచుకొనువారు మన సభలో కొందరు కలరు. మీకును ఇదే న్యాయము, కొలతయే చిన్నది. వారమున కొకసారి పదింట ఒకటి రెండు వంతుల నీరు తులసికోటకును పూలమొక్కలకును పోసి క్రొత్తనీరు చేర్చుడు. కొళాయినీటిలో క్లోరిను ఉన్నచో ఒకదినము తొట్టిలో నిలువచేసి పోయుడు. పాచి కనబడినదని కుంటనంతయు తోడి గోకి కడుగరాదు. రాళ్లకు పట్టిన పలుచని పాచిలో చేపమలమును జీర్ణింపజేయు సూక్ష్మజీవులుండును, అవి పోయిన మరువారమే నీరు పసరగును. విలాతివారు తమ తోట కుంటలలో బార్లీ గడ్డిమోపు వ్రేలాడదీయుదురు. అది కుళ్లునప్పుడు కొన్ని రకముల క్రొత్త పాచి పెరుగుదల అణగునని అచ్చట పరీక్షించి చెప్పినవారు కలరు, అన్నిచోట్ల ఒకే తీరున పనిచేయలేదని చెప్పినవారును కలరు.

పూడిక మాట మిగిలినది. ఏండ్ల తరబడి పడిన ఎరువు అడుగు బురదలో నిలువయై యున్నది. పైన ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఆ బురద వేసవిలో భాస్వరమును మరల పైకి విడుచుచునే యుండును. కనుక జ్యేష్ఠమాసమున, నీరు మిక్కిలి తగ్గినప్పుడు, తొలకరికి ముందు పూడిక తీయవలెను. ఒక్కయేట అంతయు కదిలింపరాదు. మట్టికట్టతో కోనేటిని రెండు చేసి, చేపలను ఒక సగమునకు తరిమి, రెండవ సగము తీయవలెను. మిగిలినది మరుసటి ఏడు. తీసిన బురదను ఎండబెట్టి మొదట మల్లెపాదులకు వేసి, మిగిలినదానిని అడిగిన రైతులకు ఇయ్యవలెను.